పేరంటాలి పావడలు

హైదరాబాదు,
14 జనవరి 1912

పుల్లలచెరువు పడమటి వీధిలో, ఇంటి ముందు జొన్న పాతర ఉన్న మాలకొండయ్యగారి ఇంట్లో గురవయ్య అనే ఆయన ఉంటే, ఆయన చేతికి.

నాయనా గురవయ్యా, నేను నీ అక్క కాశమ్మను.

ఈ మాట చదివి నువ్వు ఎట్లా ఉంటావో నాకు తెలియదు. ముప్పై అయిదేళ్ళ కిందట ధాత కరువులో నేను ఇల్లు విడిచేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, నీకు నాలుగు. నా చంక దిగేవాడివి కాదు. ఇప్పుడు నీకు మీసాలు నెరుస్తూ ఉండాలి. నీకు మీసం ఉంటుందనుకుంటేనే నవ్వొస్తుంది.

ఈ ఉత్తరం నా చేతిరాత కాదు. కంభం మిషను బడిలో చదువుకున్న దయామణి అనే అమ్మాయి రాస్తున్నది. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పోయిన నెల నేనుండే ఈ నవాబుగారి దేవిడీలో, అంటే మేడలో, ఒకరికి పురుడు పోయడానికి వచ్చింది. ఆ హడావిడిలో వేడినీళ్ళు ఒలికి నా పాదం కాలింది. "అమ్మో, సచ్చినా" అని అరిచాను. ముప్పై ఏళ్ళు దాటింది నేను ఉర్దూలోనే మాట్లాడబట్టి. కాలితే మాత్రం తెలుగు వచ్చింది. ఆ అమ్మాయి పని ఆపి నా మొహం చూసి, "మీది మా పక్క ఊరా ఏంది?" అని అడిగింది. అప్పటి నుంచి నన్ను వదలలేదు. నేను చెప్పేది విని బడి తెలుగులో దిద్ది రాస్తుంది. కనుక ఇందులో ఎక్కడైనా నీకు పెద్ద పెద్ద మాటలు కనిపిస్తే అవి నావి కావు.

అమ్మ ఉందా? ఆ ఒక్క మాట ముందు రాయి. జవాబు దయామణి పేరున ఆసుపత్రికి వేస్తే నాకు చేరుతుంది.

నీ అక్క,
కాశమ్మ


పుల్లలచెరువు,
3 ఫిబ్రవరి 1912

నర్సు దయామణమ్మగారికీ, కాశమ్మనని చెప్పుకొంటున్న అమ్మగారికీ గురవయ్య రాసే సంగతి.

మీ ఉత్తరం అందింది. టపా మనిషి వీధిలో నలుగురి ముందు చదవబోతే లాక్కున్నాను. నేను వీధిబడిలో చదువుకున్నవాణ్ణే, నా ఉత్తరం నేను చదువుకోగలను.

మా అక్క కాశమ్మ ధాత కరువులో సర్కారు గంజి పోసే దొడ్డి దగ్గర చనిపోయింది. మా అమ్మ కళ్ళారా చూసి వచ్చి చెప్పింది. చనిపోయిన మరుసటి ఏడు నుంచీ మా ఇంట్లో పేరంటాలుగా వెలిసింది. ఉత్తరపు గోడ గూట్లో ఆమెకు దీపం పెడతాము. ఏటా ఉగాదికి ముందు ఆదివారం కొత్త బట్టలు పెట్టి మొక్కుతాము. మా ఇంటివాళ్ళే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా పిల్లలు లేనివాళ్ళు వచ్చి కాశమ్మ పేరంటాలికి మొక్కుకొని పోతారు. అట్లాంటి తల్లి పేరు పెట్టుకొని వేళాకోళమా మీకు?

మిషను వాళ్ళు మనుషుల్ని కలుపుకోవడానికి ఎన్ని దారులు తొక్కుతారో నాకు తెలుసు. ఈ దారి మాత్రం కొత్తగా ఉంది.

ఊరికే అనుమానించానని రేపు నా మీద పాపం ఉండకూడదు గనుక ఒక్కటి అడుగుతున్నాను. కరువులో మా జొన్న పాతరలో ఏం జరిగింది? అది నాకూ మా అక్కకూ తప్ప మూడో మనిషికి తెలియదు. చెప్పలేకపోతే మళ్ళీ నాకు రాయవద్దు.

ఇట్లు,
మా. గురవయ్య


హైదరాబాదు,
25 ఫిబ్రవరి 1912

కోపిష్టి తమ్ముడికి,

పాతర ఖాళీ అయిపోయింది. గోడలకు అంటుకున్న గింజలు గీక్కొద్దామంటే దాని మూతి ఇరుకు, నేను పట్టలేదు. నాయన తలగుడ్డ నీ నడుముకు కట్టి నిన్ను లోపలికి దింపాను. చీకటికి ఏడ్చావు. అయినా పిడికెడు ముక్కిపోయిన జొన్నలు తెచ్చావు. పైకి లాగుతుంటే అందులోవి నోట్లో వేసుకున్నావు. అవి నాయన కోసమని నిన్ను కొట్టాను. నువ్వు నా కుడి మణికట్టు కొరికావు. ఆ గాటు ఇప్పటికీ ఉంది, దయామణి చూసింది. నాయన ఆ జొన్నలు తినకుండానే పోయాడు. వాటిని మనిద్దరమే తిన్నాము. అమ్మకు చెప్పలేదు.

చాలా?

అమ్మ ఉందో లేదో నువ్వు రాయలేదు. రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. చాలా పెద్ద ఇల్లు. లోపల నాలుగు చౌకు వాకిళ్ళు, నీళ్ళు చిమ్మే తొట్లు, పావురాల గూళ్ళు. నాకు ముత్యాలు గుచ్చడం వచ్చు. సన్న ముత్యాలు కళ్ళు మూసుకొని గుచ్చగలను. ఇక్కడి ఆడవాళ్ళు మేనాల్లో తప్ప బయటికి పోరు. జాఫ్రాన్ అని నాకొక స్నేహితురాలు ఉండేది, ఆఫ్రికాలోని హబ్షీ దేశం మనిషి. నల్లగా, పొడుగ్గా, రాణీలాగా ఉండేది. పోయిన వానాకాలం చనిపోయింది. అప్పటి నుంచి నాకు పొద్దు పోవడం లేదు.

నన్ను దేవతను చేశారా! దయామణి ఆ ముక్క చదివినప్పుడు ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాము. తర్వాత నేను ఒక్కదాన్నే పావురాల గూళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. గూట్లో ఏం బట్టలు పెడతారు? అది కొంచెం వివరంగా రాయి.

అక్క


పుల్లలచెరువు,
30 మార్చి 1912

మా ఇంటి మహాలక్ష్మి అక్క కాశమ్మకు తమ్ముడు గురవయ్య కాళ్ళకు మొక్కి రాసేది.

అక్కా, నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. నిన్ను అనుమానిస్తూ రాసిన ఈ చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. చేలో కూర్చొని ఏడ్చాను. ఇంట్లో ఏడిస్తే మీ మరదలు రోశమ్మ కారణం అడుగుతుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.

అమ్మ పోయి ఏడేళ్ళయింది. జ్వరంతో పోయింది. బాధపడలేదు.

నువ్వు నవాబు ఇంట్లో ఇంత వైభవంగా ఉంటావని నేను కలలో కూడా అనుకోలేదు. ముత్యాలతో ఆడుకుంటున్నావా! మా బావగారికి నా నమస్కారాలు చెప్పు. మతం వేరైనా బావ బావే. పిల్లలెందరు? ఎవరో దొంగముండ గంజి దొడ్డిలో నిన్ను ఎత్తుకుపోయి ఉండాలి, అమ్మ వేరే ఎవరి పిల్లనో చూసి నువ్వేననుకొని ఉండాలి. ఆకలికి కళ్ళు కనపడని రోజులు అవి. ఏమైనా దేవుడు నిన్ను మంచిచోటికే చేర్చాడు.

బట్టల సంగతి అడిగావు. పసుపు రాసిన చేటలో ఎర్ర పావడ, రైక పెట్టి సాంబ్రాణి వేస్తాము. మరునాడు ఆ బట్టలు ఇంటి ఆడపిల్ల కట్టుకోవాలి, అది ఆచారం. అమ్మ మాత్రం ఎవరినీ కట్టుకోనిచ్చేది కాదు. తీసుకెళ్ళి కొయ్యపెట్టెలో దాచి తాళం వేసేది. ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఏటికేడు పావడ పొడుగు పెంచేది. నీ ఈడు పిల్లను ఎవరినో పిలిచి పక్కన నిలబెట్టి కొలత చూసుకునేది. ఊళ్ళోవాళ్ళు "పేరంటాలు యాడన్నా పెరుగుతాదా?" అని నవ్వేవాళ్ళు. తర్వాత పావడలు మాని ఓణీలు, ఆ తర్వాత చీరలు. ఒక ఏడాది చీరతో పాటు పసిపిల్లల కుల్లాయి కూడా పెట్టింది. పెద్దతనంలో మతి చలించిందనుకున్నాము. ఆమె పోయాక రోశమ్మ మళ్ళీ పద్ధతి ప్రకారం చిన్న పావడే పెడుతోంది. ఈ ఉగాదికీ పెట్టాము. నువ్వు బతికి ఉన్నావని తెలిసీ నీకు సాంబ్రాణి వేశాను.

ఇక్కడ సంగతులకేం. ఆముదాలు సగం పండాయి, నీళ్ళకు ఎప్పటిలాగే కటకట. ఎద్దు ఒకటి కుంటుతోంది. పనికి శాంతయ్య ఉన్నాడు, వాళ్ళ నాయన కాలం నుంచీ మన దగ్గరే. మన ఇల్లు విడిచి ఎక్కడికీ పోడు, అంత విశ్వాసం. మా కూతురు సుబ్బులమ్మకు రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. నీకే మొక్కుకుంది.

తమ్ముడు,
గురవయ్య


హైదరాబాదు,
21 ఏప్రిల్ 1912

తమ్ముడా,

బావ లేడు. ఎప్పుడూ లేడు. తప్పు నాదే, ముత్యాలు గుచ్చుతానని రాశాను గానీ ఎవరికి గుచ్చుతానో రాయలేదు. నేను ఇక్కడ బేగమును కాను. బాందీని. అంటే కొని తెచ్చుకున్న మనిషిని.

వచ్చిన రోజే తల దువ్వి, పేరు మార్చారు. నౌబహార్. కొత్త వసంతం అని అర్థమట. మాకన్నీ పూల పేర్లు, సుగంధాల పేర్లే. పేరు వెనక తండ్రి పేరు చెప్పే పని ఉండదు. కొట్టారా అంటే, ఎక్కువ కొట్టలేదు. అన్నం పెట్టారు. పండగకు బట్టలిచ్చారు. నమాజు నేర్పారు, అది నాకు ఇష్టంగానే అబ్బింది, దాన్ని ఇప్పుడు వదల్లేను. గేటు దాటి వెళ్ళడానికి మాత్రం లేదు.

జాఫ్రాన్‌ను అంతకంటే దూరం నుంచి తెచ్చారు. చిన్నపిల్లగా హబ్షీ దేశంలో పట్టుకొని, ఓడలో జెద్దాకు తెచ్చి అమ్మితే, హజ్జుకు వెళ్ళిన పెద్ద బేగం కొనుక్కొచ్చింది. దానికి వాళ్ళ భాషలో ఒక్క పాట మిగిలింది. అర్థం మరిచిపోయింది, పాట మిగిలింది.

ఇంట్లో మౌల్వీగారు ఆడవాళ్ళకు పరదా అవతలి నుంచి గ్రంథాలు చదివి చెబుతారు. మేము వెనక కూర్చొని వింటాము. మొదటిసారి నమాజుకు పిలిచిన గొంతు ఒక నల్ల బానిసదే అన్నారు. బానిసను విడిపించడం కంటే పుణ్యం లేదన్నారు, మీరు తినేదే వాళ్ళకు పెట్టమన్నారు. ఢిల్లీలో బానిసలు గద్దెనెక్కారట. మన దక్కనులోనే ఒక హబ్షీ బానిస రాజ్యాన్ని నడిపాడట. జాఫ్రాన్ నా చెవిలో, "బాందీలు ఏమేం ఏలారో అడుగు" అంది. ఏ గ్రంథంలోనూ మా మాట లేదు. ఇంకోరోజు మౌల్వీగారే చెప్పారు. స్వతంత్రులకు పుట్టిన బిడ్డను ఆకలికి అమ్మితే ఆ అమ్మకం శాస్త్రం ప్రకారం చెల్లదట, ఆ బిడ్డ బానిస కానే కాదట. ఆ లెక్కన నేను ఏనాడూ బాందీని కాను. మరి ఇన్నాళ్ళూ ఆ పుస్తకం ఎవరూ తెరవలేదు. ఆయన మంచివారు, చెప్పి తలవంచుకున్నారు.

నాకు కొడుకు ఉన్నాడు. ఈ ఇంటి దొరవారి బిడ్డ. నన్నెవరూ అడగలేదు, ఆ సంగతి ఇంతకంటే రాయించను. బేగంగారికి పిల్లలు లేరు. వాడు ఆమె కొడుకయ్యాడు, నేను వాడికి దాదినయ్యాను. పాలిచ్చినన్నాళ్ళు నాతో ఉన్నాడు. ఇప్పుడు ఇంటి యజమాని. నన్ను నౌబహార్ అని పిలుస్తాడు. యజమానికి బిడ్డను కన్న బాందీ, ఆయన పోయిన రోజే విడుదల అవుతుందట. దొరవారు పోయిన ఏడు పోయారు. నేను విడుదలయ్యానని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ రోజంతా వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తూనే ఉన్నాను. ఈమధ్య ధైర్యం చేసి, వెళ్ళిపోతానని నా కొడుకును అడిగాను. హుక్కా పక్కన పెట్టి, "వెళ్ళు. నీకెవరన్నా ఉన్నారా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, తెలియకనే అడిగాడు. ఉన్నారన్నాను. నాకు తమ్ముడున్నాడన్నాను.

జాఫ్రాన్ పోయినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. ఇక్కడ ఆడమనిషి పోతే కఫను, అంటే ఒంటికి చుట్టే చివరి బట్ట, పుట్టింటి నుంచి రావాలి. మన దగ్గర కూడా పుట్టింటి చీర కప్పుతారు కదా. బాందీకి పుట్టిల్లు లేదు గనుక జాఫ్రాన్‌కు సరుకుల గదిలోని బట్ట తానులో ముక్క చించి ఇచ్చారు. గడియారం చూసుకుంటూ చించారు.

ఇక అమ్మ సంగతి. నువ్వు రాసిన పావడల ముక్క దయామణితో మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. నన్ను ఎవరూ ఎత్తుకుపోలేదు గురవయ్యా. అమ్మే ఇచ్చింది. నాయన పోయాడు, నువ్వు కళ్ళు తెరవడం లేదు. బండ్ల మీద వచ్చిన ఒక పెద్దామె ఆడపిల్లల్ని తీసుకొని జొన్నలు ఇస్తోంది. అమ్మ నా మొహం కడిగి జడ వేసింది. "ఏడవాక తల్లా. వచ్చే ఏడు వానలు పడినాక ఎర్ర పావడ కుట్టిచ్చుకోని వచ్చి తీసకపోతా. అంతదాంక ఈయమ్మ కాడుండు" అంది. ఆ పెద్దామె నన్ను తెచ్చి ఈ దేవిడీలో అమ్మింది, ఆ జొన్నలతో నువ్వు బతికావు.

వానలు పడ్డాయి. ఆమె రాలేకపోయింది, ఎక్కడని వస్తుంది? కానీ ఏటా పావడ కుట్టించింది. నేను పెరుగుతున్నానని ఆమెకు తెలుసు. అది పూజ కాదు తమ్ముడా, నా కోసం ఎదురుచూడటం.

నేను ఇంటికి రావచ్చునా? వంటింట్లోకి రాను. కొట్టంలో పడుకుంటాను. నా నమాజు నేను చేసుకుంటాను. రమ్మంటే చాలు.

అక్క


పుల్లలచెరువు,
15 మే 1912

అక్కా,

నువ్వు పడ్డ కష్టం చదివి నాకు అన్నం దిగలేదు. మార్కాపురం వెళ్ళి వకీలును అడిగాను. మన ఇంగ్లీషు ఇలాకాలో మనుషుల్ని కొనడం అమ్మడం నిషేధించి డెబ్భై ఏళ్ళు అవుతోందట. అది నైజాం రాజ్యం కాబట్టి ఇట్లా జరిగింది. అర్జీ పెడదామన్నాడు.

కానీ నువ్వు రాసిన ఒక మాట నేను ఒప్పుకోను. మా అమ్మ నిన్ను అమ్ముకుందని ఎట్లా రాయించావు? నిన్ను తలుచుకోకుండా ఆమె ఒక్కనాడు ముద్ద ఎత్తలేదు. గూటి ముందు కూర్చొని గంటలు గంటలు ఏడ్చేది. అట్లాంటి తల్లి బిడ్డను జొన్నలకు ఇస్తుందా? నువ్వు పసిదానివి, నీకేం గుర్తుంటుంది? నిన్ను బండెక్కించిన ఆ తురకామె నీకు అట్లా చెప్పి నమ్మించి ఉంటుంది. పోయిన మనిషి వచ్చి సమాధానం చెప్పుకోలేదు. నన్ను బతికించడానికి నిన్ను ఇచ్చిందంటే నేను ఏ మొహంతో బతకాలి? ఆ మాట వెనక్కి తీసుకో.

రావచ్చునా అని అడిగావు. రావద్దని నేనెట్లా అంటాను? కానీ కొంచెం ఆగు. సుబ్బులమ్మకు ఇప్పుడు అయిదో నెల. పొద్దున్నే లేచి నీ గూటి దగ్గరే కూర్చుంటోంది. ఈసారి బిడ్డను నిలుపు తల్లీ అని నిన్ను వేడుకుంటోంది. అట్లాంటప్పుడు పేరంటాలు బతికే ఉంది, హైదరాబాదులో ఉంది అంటే పిల్ల గుండె ఆగిపోతుంది. కాన్పు కానీ. అంతలో నీకు అక్కడ ఉండబుద్ధి కాకపోతే, మార్కాపురంలో మౌలా సాహెబు అని నాకు తెలిసిన బట్టల వ్యాపారి ఉన్నాడు, మర్యాదస్థులు. వాళ్ళింట్లో ఉండవచ్చు. పేరు మాత్రం కాశమ్మ అని ఎవరికీ చెప్పవద్దు.

గురవయ్య


హైదరాబాదు,
9 జూన్ 1912

తమ్ముడికి ఆశీస్సులు.

ఆగుతాను. ఆగడం నాకు బాగా అలవాటే.

సుబ్బులమ్మను బరువులు ఎత్తనివ్వవద్దు. గూటి దగ్గర కూర్చుంటే కూర్చోనీ, కింద చాప వేయి. దేవతనై ఆ పిల్లకు నేను చేయగలిగిందేదన్నా ఉంటే బాగుండునని రోజూ నమాజులో అడుగుతున్నాను. నా దేవుడితో నీ పేరంటాలి తరఫున మాట్లాడుతున్నాను, ఎవరికైనా చెబితే ఇద్దరినీ తిడతారు.

మౌలా సాహెబు ఇంటికి వద్దు. పేరు చెప్పకుండా ఒకరి ఇంట్లో ఉండటం ఇక్కడ ఉన్నదే.

అమ్మ మాట వెనక్కి తీసుకోను. నేను నింద వేయలేదు తమ్ముడా, నువ్వు అట్లా చదువుకున్నావు. ఇవ్వకపోతే ముగ్గురమూ పోయేవాళ్ళం. నాకు కోపం లేదు. చిన్నప్పుడు ఉండేది, జాఫ్రాన్ నాతో పోట్లాడి పోట్లాడి దాన్ని పోగొట్టింది. "నీకు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, నన్ను లాక్కొచ్చారు" అనేది. నువ్వు బతకడం నేను చేసిన ఒకే ఒక మంచిపని. దాన్ని నా దగ్గర నుంచి తీసేయవద్దు.

మీ ఇంగ్లీషు చట్టం మంచిదే. నన్ను ఇచ్చింది కూడా ఆ ఇలాకాలోనే, కంభం దారిలో. శాంతయ్య ఎక్కడికీ పోడని రాశావు. పోవాలనుకుంటే పోగలడా? ఊరికే అడుగుతున్నాను.

ఎండలకు దగ్గు పట్టుకుంది. దయామణి ఏవో చేదు మందులు తెస్తోంది, మొక్కలకు పోస్తున్నాను. ఆమెకు ఇప్పుడే తెలిసింది, ఇది రాస్తూనే నన్ను తిడుతోంది.

ఒక్కటి మాత్రం మాట ఇవ్వు. నేను వచ్చేలోగా ఏమన్నా అయితే, నా చివరి బట్ట నీ ఇంటి నుంచి రావాలి. సరుకుల గది బట్ట నాకు వద్దు.

అక్క


పుల్లలచెరువు,
20 అక్టోబరు 1912

అక్కా, నా తల్లీ,

ఇన్ని నెలలు నీకు రాయలేదు. అలిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఈ వయసులో నీ మీద అలిగాను. ఆ తర్వాత సుబ్బులమ్మ కాన్పు భయం. పోయిన నెల ఆడపిల్ల పుట్టింది. పిల్లా తల్లీ బాగున్నారు. కాశమ్మ అని పేరు పెట్టాము.

పురిటి స్నానం రోజు, పిల్లకు చుట్టడానికి మెత్తని పాతగుడ్డ కావాలని రోశమ్మ అమ్మ పెట్టె తెరవమంది. తాళంచెవి లేక గొళ్ళెం పగలగొట్టాను. నీ పావడలన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ కట్టింది కాదు. అడుగున చిన్నవి, పైకి వచ్చేకొద్దీ పొడుగువి, వాటి మీద ఓణీలు, చీరలు. రోశమ్మ ఒక పావడ విప్పి చూసి నెమ్మదిగా అంది, "ఇదేంది, అంచు కాడ మడత ఏసి కుట్టిచ్చినాది?" పెరిగే పిల్లకు వేస్తారు చూడు, పొట్టి అయినప్పుడు విప్పుకోవడానికి, ఆ మడత. పావడలన్నింటికీ ఉంది. చచ్చిపోయిన పిల్లకు ఎవరూ మడత వేసి కుట్టించరు అక్కా. 

నువ్వు చెప్పిందే నిజం. ఆమె నిన్ను ఇచ్చింది. నన్ను బతికించుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, నీకు బట్టలు కుట్టించడానికి ఒక సాకు కావాలని నిన్ను పేరంటాలిని చేసింది. నేను ఆ సాకుకే మొక్కి, నిన్ను గుమ్మం బయట నిలబెట్టాను. నన్ను క్షమించు.

అక్కడే రోశమ్మకు అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు అన్నం పెడుతూ, "పేరంటాలు బతికుంటే ఇంకా మేలే గదా. గూటికి మొక్కేదానికంటే మనిషికి ఇంత కూడు పెట్టేది నయం. రమ్మను. కొట్టంలో ఎందుకు, ఇంట్లోనే పండుకుంటాది" అంది. ఊళ్ళో తెలిసింది. కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు తాగనన్నారు. ఈ ఊళ్ళో మంచినీళ్ళు ఎవరింట్లోనూ లేవు గనుక అది పెద్ద నష్టం కాదు.

శాంతయ్యను అడిగాను, పోవాలనుందా అని. కొడతానేమోనని ముందు భయపడ్డాడు. మర్నాడు భార్యాపిల్లలతో గిద్దలూరు వెళ్ళిపోయాడు, రైలు కట్ట పనికి. వెనక్కి కూడా చూడలేదు. కోపం వచ్చింది, తిట్టుకున్నాను. కుంటెద్దుతో ఒక్కణ్ణే దున్నుతూ నీ మాట తలుచుకున్నాను.

ఇక ఆగవద్దు. బెజవాడ మీదుగా రైలెక్కు, మార్కాపురం రోడ్డు స్టేషనుకు నేను బండి కట్టుకొస్తాను. అమ్మ ఇచ్చిన మాట నేను చెల్లిస్తాను, ఎర్ర అంచు చీర నేయించి స్టేషనుకే తెస్తాను. సుబ్బన్న అనే నేతగాడికి చెప్పి ఉంచాను. నువ్వు పొడుగరివో పొట్టిదానివో కూడా నాకు తెలియదు. తల నుంచి మడమ దాకా ఒక నూలుపోగుతో కొలిచి ఉత్తరంలో పెట్టి పంపు.

నీ తమ్ముడు,
గురవడు


హైదరాబాదు,
6 నవంబరు 1912

గురవా,

పోగు ఇందులో ఉంది. చిక్కుపడకుండా విప్పు. దయామణి నన్ను పడుకోబెట్టి కొలిచింది, నిలబడలేకపోయాను.

మందులు మొక్కలకు పోయకపోయినా నాకు ఇంతేనట. డాక్టరమ్మ చెప్పింది. నువ్వు త్వరగా రమ్మని ఉంటే ఏమయ్యేదని కూర్చొని ఏడవవద్దు, అది నా ఆజ్ఞ. నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. "ఇంట్లోనే పండుకుంటాది" అన్న ముక్క దగ్గర దయామణి చదవడం ఆపేసి ముక్కు తుడుచుకుంది. రోశమ్మకు చెప్పు, ఆమె ఇంట్లో నేను పడుకున్నట్టే.

నిన్న నా కొడుకు గదిలోకి వచ్చాడు. సరుకుల గది నుంచి ఏం కావాలో అడిగాడు. ఏమీ వద్దు, నా బట్ట మా తమ్ముడు పంపుతున్నాడని చెప్పాను. వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. వాడు ఎప్పుడూ అట్లా కూర్చోలేదు. నౌబహార్ అని పిలవలేదు. ఇంకే పేరుతోనూ పిలవలేదు. నా మణికట్టు మీద గాటు చూసి, ఎవరు కొరికారని అడిగాడు. నీ మామ అన్నాను. నవ్వాడు. నవ్వితే అచ్చం మన నాయన.

నా బట్టకు రంగూ కుట్టూ ఉండకూడదు. తెల్లది, ఉత్త నూలుది పంపు. సుబ్బన్న ఎవరికని అడుగుతాడు. మా అక్కకని చెప్పు.

ఆ ఎర్ర అంచు చీరను చిన్న కాశమ్మకు పావడగా కుట్టించు. అది పెరిగే పిల్ల, అంచు దగ్గర మడత వేయించడం మరిచిపోవద్దు.

మీ అక్క,
మాలకొండయ్య కూతురు కాశమ్మ